స్థలనామ పరిశోధనలో ఎక్స్‌ఎంఎల్ వడపోత – అంతర్గత సూచనల సంరక్షణ

వ్యాససంగ్రహం: ఎక్స్‌ఎంఎల్ దత్తాంశం నుంచి కొంత భాగాన్ని వేరుచేసినప్పుడు, నిలిచిన అంశాలు తొలగిన అంశాలపై ఆధారపడి ఉండవచ్చు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దత్తాంశం ఉదాహరణగా, స్టైల్‌షీట్ వడపోతలో అంతర్గత సూచనలు తెగిపోకుండా పాటించవలసిన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఎక్స్‌ఎంఎల్, ఎక్స్‌ఎస్‌ఎల్‌టి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, స్థలనామాలు, అంతర్గత సూచన.

1. ఉపోద్ఘాతం

స్థలనామ పరిశోధనకు శాసనాలు, కైఫీయతులతో పాటు డిజిటల్ పటాలు కూడా నేడు ఆకరాలవుతున్నాయి. 2004లో ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒకే స్థలానికి పలు భాషలలో పేర్లు నమోదు చేసే వీలుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ వరకు తెలుగు పేర్లు నమోదైన స్థలాలను మాత్రమే పరిశీలించదలచినవారు ఆ ఫైలును వడపోయక తప్పదు. ఈ దశలో జరిగే పొరపాటు పటాన్నే కాక, దాని ఆధారంగా చేసే నిర్ధారణలను కూడా దెబ్బతీస్తుంది.

2. దత్తాంశ స్వరూపం

ఈ దత్తాంశంలో మూడు రకాల అంశాలుంటాయి. ‘నోడ్’ అంటే అక్షాంశ రేఖాంశాలు గల బిందువు. ‘వే’ అంటే బిందువుల వరుసతో ఏర్పడే దారి లేదా హద్దు. ‘రిలేషన్’ అంటే పలు అంశాలను కలిపే సంబంధం. దారి తన బిందువుల అక్షాంశాలను తనలో ఉంచుకోదు. వాటి గుర్తింపు సంఖ్యలను మాత్రమే పేర్కొంటుంది. నిఘంటువులో ‘చూ.’ అని మరో ఆరోపాన్ని సూచించడం వంటిదే ఇది. ఎక్స్‌ఎంఎల్ పైకి చెట్టు ఆకారంలో కనిపించినా, కొమ్మకూ కొమ్మకూ మధ్య ఇటువంటి అల్లిక లోపల ఉంటుంది.

3. వడపోతలోని చిక్కు

ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 ప్రమాణం 1999 నవంబరులో వెలువడింది. అందులో వడపోతకు వాడుకలో ఉన్న పద్ధతి సరళమైనది. ఐడెంటిటీ టెంప్లేట్ ప్రతి అంశాన్నీ యథాతథంగా నకలు చేస్తుంది. అక్కరలేనివాటికి ఖాళీ టెంప్లేట్ రాస్తే అవి రాలిపోతాయి. ‘తెలుగు పేరు లేనివాటిని తొలగించు’ అని నియమం పెట్టామనుకుందాం. దారి వంపులను సూచించే బిందువులకు సాధారణంగా ఏ భాషలోనూ పేరుండదు. కనుక అవన్నీ పోతాయి. దారి పేరు ఫైలులో నిలుస్తుంది, దాని ఆకృతి మాత్రం నశిస్తుంది.

4. పరిష్కారం

ఒక అంశాన్ని తొలగించే ముందు ‘దీనికి పేరుందా?’ అన్న ప్రశ్నతో పాటు ‘దీన్ని ఎవరు సూచిస్తున్నారు?’ అన్న ప్రశ్న కూడా వేయాలి. ఇందుకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టిలోని ‘కీ’ ఉపకరిస్తుంది. ఇది గ్రంథం చివరి అకారాది పదసూచిక వంటిది. సూచనల సంఖ్యలతో కీ నిర్మిస్తే, ప్రతి బిందువు వద్దా దాన్ని వాడుకునే దారులు వెంటనే తెలుస్తాయి. వాటిలో ఒక్క దారి నిలిచినా ఆ బిందువును నిలపాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఎక్స్‌ఎంఎల్ ‘ఐడి’ విలువ అంకెతో మొదలు కాకూడదు. కనుక ఈ సంఖ్యలను ‘ఐడి’ ఫంక్షన్‌తో వెతకలేము, కీ తప్పనిసరి. అలాగే ఒకే సంఖ్య ఒక బిందువుకూ ఒక దారికీ ఉండవచ్చు. అందువల్ల సంబంధాల సభ్యులను వెతికేటప్పుడు సంఖ్యతో పాటు రకాన్ని కూడా కీలో చేర్చాలి.

5. సరిహద్దు దాటే సూచనలు

అన్ని సూచనలనూ అనుసరించడం కూడా సరికాదు. మియాపూర్–ఎల్.బి. నగర్ మెట్రో మార్గంలో 27 స్టేషన్లున్నాయి. వాటిలో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్ అనే నాలుగే ఈ పరిధిలోనివి. మార్గాన్ని తెలిపే సంబంధంలోని సభ్యులందరినీ నిలిపితే పరిశీలన మియాపూర్ దాకా సాగుతుంది. బయటి సూచనలను తుడిచివేస్తే మార్గం దిల్‌సుఖ్‌నగర్‌లోనే మొదలైనట్లు కనిపిస్తుంది. కనుక ఆ సూచనలను ఉంచి, ‘పరిధికి వెలుపలిది’ అన్న గుర్తు చేర్చడం ఉచితం. ప్రాంతం వారీగా దించుకున్న ఫైలులో ఇటువంటి సభ్యులు మొదటే లేకపోవచ్చు. అందుచేత వడపోతకు ముందే తెగి ఉన్న సూచనలనూ, వడపోత వల్ల తెగినవాటినీ వేరువేరుగా లెక్కించాలి.

6. ముగింపు

వడపోసిన ఫైలుపై మరో చిన్న స్టైల్‌షీట్ నడిపి, గమ్యం లేని సూచనలను లెక్కించాలి. గుర్తు చేర్చినవి మినహా ఆ లెక్క సున్నా కావాలి. పాఠాంతరాలు, అధోజ్ఞాపికలు గల గ్రంథ పరిష్కరణకూ, నిఘంటు సంకలనానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఏది నిలిపారో, ఏది విడిచారో, విడిచినదాన్ని ఎలా సూచించారో సిద్ధాంత గ్రంథంలో స్పష్టంగా తెలిపినప్పుడే తరువాతి పరిశోధకులు ఆ ఫలితాన్ని సరిచూడగలుగుతారు.