రాబిన్సు లోలకము

తుపాకి గొట్టమునుండి వెలువడిన గుండు కంటికి కానరాదు, దాని ప్రయాణకాలము చేతి గడియారమున కందదు, అట్టిచో విద్యుత్పరికరములు పుట్టకమునుపే అది సెకనుకిన్ని అడుగులు పోవుచున్నదని పెద్దలెట్లు నిర్ణయించిరని అమలాపురములో ఇంటర్మీడియెట్ చదువుచున్న విద్యార్థి యొకడు పాఠము నడుమ లేచి అడిగెను. పాఠ్యపుస్తకమున బాలిస్టిక్ లోలకమను పేర మూడు పంక్తుల సూత్రము కలదు; ఆ సూత్రమును నల్లబల్లపై వ్రాసి ఊరకుండుట సులభమే కాని, ఆ యంత్రమును కల్పించిన బుద్ధికి మ్రొక్కక ముందునకు సాగుట నావల్ల కాలేదు.

గుండు వేగము తెలిసినందువలన ప్రయోజనమేమనునది ముందుగా చెప్పవలసిన మాట. పూర్వము మన గోదావరి మన్యమున నాటు తుపాకి పట్టిన వేటకాడు ప్రతి దెబ్బకును తుపాకిని తానే చేతితో సిద్ధపఱచుకొనెడివాడు. కొమ్ముబుడ్డినుండి మందు కొలిచి పోసి, పైన పీచు క్రుక్కి, గుండు వేసి, మరల పీచు పెట్టి, గజముతో దట్టించి, టోపీ తొడిగినగాని అతని ఆయుధము పలుకదు. మందు కొలతలో, దట్టించిన బిగువులో, గుండు బరువులో ఏ కొంచెము తేడా వచ్చినను గుఱి తప్పునని అతడు అనుభవమున నెఱుగును. ఎంత తేడాకు ఎంత తప్పునో చెప్పుటకు మాత్రము అతనికి సాధనము లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుండి మన దేశమున ఆ వేటకు అడ్డుకట్ట పడినది. అయినను వేట అనుమతింపబడిన దేశములలో రైఫిలు పట్టువారు కొందఱు నేటికిని తమ తోటాలను తామే చేతితో దట్టించుకొందురు. ఇత్తడి గుల్లలను ఏరి, మందును సున్నితపు త్రాసున తూచి, గుండును ప్రతి గుల్లలోను ఒక్క లోతుననే కూర్చుండబెట్టి, వారు పడు ప్రయాసయంతయు వేగమును పెంచుటకొఱకని పైవారు తలతురు కాని అది నిజము కాదు. వారు కోరునది సమత. సెకనుకు 800 మీటర్ల సగటు వేగముతో 300 మీటర్ల దూరము పోవు గుండు, ఆ ప్రయాణములో భూమ్యాకర్షణచే 69 సెంటీమీటర్లు క్రిందికి దిగును. రెండవ తోటా వేగము నూటికి రెండుపాళ్ళు తగ్గెనేని ఆ దిగుడు మఱి 3 సెంటీమీటర్లు హెచ్చును. నూఱు మీటర్లలో ఈ తేడా 3 మిల్లీమీటర్లు మాత్రమే కావున దగ్గఱ గుఱిపై అది కానరాదు. దూరము హెచ్చినకొలది తోటాల యందలి అసమత బయటపడును. వేగమును కొలువజాలనివాడు ఈ అసమత మందుదో, గొట్టముదో, తన చేతి వణకుదో విడదీసి చెప్పజాలడు.

దీనికి మార్గము కనుగొన్నవాడు 1707లో బాత్ పట్టణమున క్వేకరుల ఇంట పుట్టిన బెంజమిన్ రాబిన్సు. యుద్ధమును నిరసించు మతస్థుల బిడ్డడు ఫిరంగి శాస్త్రమునకు మూలపురుషుడగుట విచిత్రము. 1742లో అతడు ప్రకటించిన ‘న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ’ అను చిన్న గ్రంథమున ఈ లోలకము వర్ణింపబడినది. మూడుకాళ్ళ చట్రముపై అడ్డముగా ఇరుసు, ఇరుసునుండి వ్రేలాడు ఇనుపపలక, పలకకు ముందువైపున మందపు కొయ్యదిమ్మ. మొత్తము బరువు 56 పౌన్లకు పైచిలుకు. పౌనులో 12వ వంతు బరువుగల సీసపు గుండు కొయ్యలో దిగబడగానే పలక మెల్లగా వెనుకకు ఊగును. గుండు యొక్క దుస్సహమైన వేగమును కొలువబూనక, దానిని తనకంటె కొన్ని వందలరెట్లు బరువైన వస్తువునకు పంచియిచ్చి, ఆ బరువు వస్తువు యొక్క మందగమనమును తీరికగా కొలుచుట ఈ యంత్ర రహస్యము. ఢీకొనుటకు ముందున్న ద్రవ్యవేగమే తరువాతను నిలుచును గనుక, బరువు ఎన్నిరెట్లు పెరిగినదో వేగము అన్నిరెట్లు తగ్గును. తగ్గిన వేగము తెలిసెనేని మొదటిది గుణకారమున లభించును.

ఇచ్చట విద్యార్థులు తఱచు పడు గోతి యొకటి కలదు. గతిజశక్తి స్థితిజశక్తిగా మాఱునని వల్లించినవారగుటచే, గుండు శక్తినంతటిని దిమ్మ ఎక్కిన ఎత్తుతో సమీకరింతురు. సరియైన తోవ తెలియవలెనని, తీర్థములలో బుడగలు పేల్చు గాలితుపాకి నొకదానిని ఎరువు తెచ్చి, జిగటమన్ను నింపిన కొబ్బరిచిప్పను నాలుగు దారములతో దూలమునకు వ్రేలాడగట్టి, మా ప్రయోగశాలలో ఈ ముచ్చట తీర్చుకొంటిమి. చిప్పయు మన్నును కలిసి పావు కిలో, దారముల పొడవు 2 మీటర్లు, గుండు బరువు అరగ్రాము. గుండు వేగము సెకనుకు 100 మీటర్లయినచో, బరువు 500 రెట్లు పెరుగుటచే, చిప్ప సెకనుకు 20 సెంటీమీటర్ల వేగముతో కదలవలెను. ఆ కదలికకు అది లేచు ఎత్తు 2 మిల్లీమీటర్లు. ఈ 2 మిల్లీమీటర్లను పట్టుకొని శక్తి సమీకరణమున వేసినచో గుండు వేగము సెకనుకు నాలుగున్నర మీటర్లని తేలును, అనగా పరుగెత్తు పిల్లవాడు దానిని దాటిపోగలడన్నమాట! మన్నులో గుండు దిగబడునప్పుడు 500 పాళ్ళలో 499 పాళ్ళ శక్తి వేడిమిగాను, మన్ను నలుగుటలోను వ్యయమైపోవును. శక్తి యెంత జారిపోయినను ద్రవ్యవేగము మాత్రము జారిపోదు. గుండును దిమ్మను ఒక్కటి చేయునట్టి ఆ అభిఘాతమున ద్రవ్యవేగమును, ఒక్కటైన పిదప ఊగుటలో శక్తిని వినియోగింపవలెనని గ్రహించినవానికి ఈ యంత్రము పూర్తిగా వశమగును.

ఆ 2 మిల్లీమీటర్ల ఎత్తును కంటితో నిర్ణయించుట దుష్కరము. అదే ఊపున చిప్ప ప్రక్కకు జరుగు దూరమో, ఇంచుమించు 9 సెంటీమీటర్లు! రాబిన్సు దీనిని గుర్తించి లోలకము అడుగున సన్నని పట్టీనొకదానిని తగిలించి, చట్రమునకు బిగించిన రెండు ఉక్కు అంచుల నడుమ అది కొంచెము ఒరయుచు జాఱునట్లు అమర్చెను. లోలకము వెనుకకు పోవునప్పుడు పట్టీని లాగుకొనిపోవును. తిరిగివచ్చునప్పుడు పట్టీ వెనుకకు పోక, లాగబడినంత నిడివి అట్లే నిలిచియుండును. ఊపు ఆగిన తరువాత ప్రయోగకర్త నింపాదిగా వచ్చి కొలుచుకొనును. ఒక క్షణమున జరిగి మఱుగైపోయిన సంఘటనమును కొలతబద్ద వచ్చువఱకు పట్టియుంచిన ఆ పట్టీకంటె నాకు ప్రియమైన యంత్రభాగము వేఱొకటి లేదు.

ఇనుపపలక ఒక్క బిందువుకాదు కావున దాని భ్రమణజడత్వము తెలియవలెను. దీనికి రాబిన్సు చేసినదేమనగా, లోలకమును స్వల్పముగా ఊగించి, 200 ఊపులు 253 సెకన్లలో పూర్తియగుచున్నవని లెక్కించి, దానితో సమానముగా ఊగు సామాన్య లోలకపు నిడివి 62 అంగుళములకు పైన మూడింట రెండువంతులని గణించెను. ఈ ప్రయోగమునంతటిలో కాలమును కొలువవలసిన తావు ఇది యొక్కటే, అదియు తొందరలేని పని. ఆతడిచ్చిన ఉదాహరణమున పట్టీ 17¼ అంగుళములు లాగబడినది. వేగము సెకనుకు 1,641 అడుగులని తేలినది. ఆ సంఖ్యలను తిరిగి గణించి చూచితిని, ఫలము అతనిదానికి మిక్కిలి చేరువగా వచ్చినది.

లోలకమును తుపాకికి 25 అడుగుల దూరమునను, 75 అడుగుల దూరమునను, 125 అడుగుల దూరమునను నిలిపి కాల్చినప్పుడు గుండు ప్రతిమాఱును వేగమును కోల్పోవుచుండుట కనబడెను. గాలి అంత పలుచనిది, సీసము అంత బరువైనది, కాబట్టి గాలి నిరోధమును లెక్కింపనక్కఱలేదని, గుండు మార్గము గెలీలియో చెప్పిన పరవలయమేనని పండితులు నమ్ముచుండిరి. ముప్పాతిక అంగుళపు గుండుపై మొదటి ఉదాహరణమున కనబడినంతటి వేగమున గాలి పెట్టు త్రోపు దాని బరువునకు 120 రెట్లని రాబిన్సు చూపెను. సెకనుకు 1,700 అడుగుల వేగముతో 45 డిగ్రీల వాలున వదలిన గుండు, గాలిలేనిచో 17 మైళ్ళు పోవలెను. నిజమునకు అది అరమైలైనను దాటదు. ధ్వనివేగమునకు సమీపించునప్పుడు నిరోధము హఠాత్తుగా పెరుగునని గూడ అతడు గుర్తించెను. రెండువందల యేండ్ల తరువాత విమానములు కట్టువారికి ఎదురైన అడ్డు అదియే.

ఆనాటి గణితలోకమునకు చక్రవర్తి లియొనార్డ్ ఆయిలరు. 1739లో ఆయిలరు యంత్రశాస్త్ర గ్రంథమును రాబిన్సు కటువుగా విమర్శించియుండెను. అట్టివాని పుస్తకమును ఆయిలరే స్వయముగా జర్మను భాషలోనికి తెచ్చి, మూలమునకు పెక్కురెట్లు వ్యాఖ్య చేర్చి, 1745లో ప్రకటించుట ఆ మహానుభావుని ఔదార్యమునకు నిదర్శనము. ఒక్కచోట మాత్రము అతడు ఒప్పుకొనలేదు. గుండు గాలిలో ప్రక్కకు వంగిపోవుటకు కారణము దాని స్వభ్రమణమని రాబిన్సు వాదము. గుండు గుండ్రముగా లేకపోవుటయే కారణమని ఆయిలరు వాదము. రాబిన్సు తుపాకి గొట్టము కొనను ఎడమవైపునకు కొంచెము వంచి, దారిలో పలుచని కాగితపు తెరలను వరుసగా నిలిపి కాల్చెను. గుండు మొదట ఎడమకు పోయి, లోపలి గోడను ఒరసి తిరిగిన తిరుగుడుచే క్రమముగా కుడికి మరలి, తెరలపై తన త్రోవను తానే వ్రాసిపోయెను. చూపు ఎదుటనున్న ఈ సాక్ష్యము ముందు ఆయిలరు వాదము నిలువదని నా నిశ్చయము. రాబిన్సు చెప్పిన ఈ విషయమునకు భౌతికశాస్త్రజ్ఞుడైన మాగ్నసు పేరు పెట్టి ‘మాగ్నసు ప్రభావ’మనుట నాకెన్నడును రుచింపలేదు, ఏలయన మాగ్నసు దానిని పరిశీలించినది నూఱేండ్ల పిదప. గుండునకు అడ్డదిడ్డపు తిరుగుడు లేకుండ, పోవు దిక్కునే ఇరుసుగా చేసికొని తిరుగునట్లు గొట్టములో మెలిగాడులు కోయుటయే ఉపాయమని 1747లో రాబిన్సు రాయల్ సొసైటీలో వివరించెను. నేటి వేట రైఫిలు ఆ గాడులవలననే రైఫిలైనది.

ఇంతటివాని కడపటి దినములు మన తీరమున గడచినవని మా పిల్లలకు తెలియదు. ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయు ప్రధాన యంత్రనిపుణుడుగా 1750లో అతడు కడలూరు చెంతనున్న ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో దిగి, జ్వరమున పడి లేచి, 1751 జూలై 29న అచ్చటనే కన్నుమూసెను. ఆ తీరమునకు ఉత్తరమున, మా అమలాపురసీమలోని బెండమూర్లంకలో సహితము కంపెనీవారి వర్తకపు కొఠీ యుండెడిది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకొనెను. మఱుసటి యేడు డిసెంబరున చందుర్తి యుద్ధమున ఇంగ్లీషువారును ఫ్రెంచివారును ఎదురెదురుగా నిలిపిన ఫిరంగులు గోదావరిసీమ భాగ్యమును మార్చివైచినవి.

రాబిన్సు పిమ్మట లోలకపు కథ చురుకుగా సాగినది. వూల్విచ్‌లో చార్లెస్ హట్టన్ లోలకమును ఫిరంగిగుండ్లకు సరిపోవునట్లు పెంచెను. రంఫర్డు 1781లో ప్రకటించిన ప్రయోగములలో తుపాకినే వ్రేలాడగట్టి అది వెనుకకు తన్నుటను కొలిచెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ దాటిన తరువాత బెల్జియమువాడైన లె బూలాంజె విద్యుదయస్కాంతములు పట్టియుంచిన కడ్డీల పతనమునుండి కాలమును రాబట్టెను. నేడు రెండు కాంతితెరల మీదుగా గుండు ఎగిరిపోగా, పెట్టె ముఖమున అంకె వెలుగును. చేతితో తోటాలు దట్టించువాడు పది గుండ్ల అంకెలను వరుసగా వ్రాసికొని, వాని సగటుకంటె వాని నడుమనున్న వ్యత్యాసమునే ముందు చూచును. ఆ వ్యత్యాసము పెద్దదయ్యెనేని తూకమును, గుల్లలను, మందు నిలువయున్న డబ్బా మూతను పరీక్షించును. గాలి ఒత్తిడిలోని మార్పువలన మందు బలము మాఱదు కాని చెమ్మవలన మిక్కిలి తగ్గునని రాబిన్సు తన లోలకముపైననే తేల్చియుండెను. వానకాలమున ఉప్పు సైతము నీరగు మా కోనసీమలో ఈ మాటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు.