వేసవి ఆరంభంలో జలాశయాల్లో మందగించే చేపల వేట – కారణాలు, అనుసరించాల్సిన పద్ధతులు

ఉత్తర కోస్తాలోని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో నాగావళి, వంశధార, సువర్ణముఖి, చంపావతి, గోస్తనీ నదులపై నిర్మించిన జలాశయాలు, ఆనకట్టలు సాగునీటితో పాటు లోతట్టు మత్స్యకారులకు జీవనోపాధిని కూడా కల్పిస్తున్నాయి. మడ్డువలస, తాటిపూడి, ఆండ్ర, తోటపల్లి, హిరమండలం వంటి నీటి వనరుల్లో పట్టే బొచ్చె, రాగండి, ఎర్రమోసు, కొర్రమీను, వాలుగ, జెల్ల వంటి చేపలకు స్థానిక సంతల్లో మంచి గిరాకీ ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవలతో సముద్ర వేటపై నిషేధం అమల్లో ఉంటుంది. సముద్రపు చేపల రాక తగ్గే ఈ రోజుల్లో మంచినీటి చేపకు డిమాండ్ పెరుగుతుంది.

అయితే సరిగ్గా ఆ సమయానికే, అంటే ఉగాది దాటి ఎండలు ముదిరే వేళకు, జలాశయాల్లో వేట మందగిస్తుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఫలితమిచ్చిన చోటనే, అదే వల, అదే వేళకు వేసినా చేప పడదు. గాలానికి ఎర కట్టినా అందుకోదు. దీన్ని చేపలు తరిగిపోయాయనడానికి సూచనగా భావించి చాలామంది చిన్న కన్ను వలలకు మారుతుంటారు. నిజానికి చాలా సందర్భాల్లో చేపల సంఖ్య తగ్గి ఉండదు. అవి ఉండే లోతు, తిరిగే వేళ, మేత తినే తీరు మాత్రమే మారి ఉంటాయి. ఈ మార్పును గుర్తించి వేట పద్ధతిని సవరించుకోవడమే సరైన మార్గం.

చేపలు చిక్కకపోవడానికి కారణాలు

నీటి వేడి, ప్రాణవాయువు: చేప శీతల రక్త జీవి. నీరు వేడెక్కిన కొద్దీ దాని శరీర క్రియలు వేగవంతమవుతాయి. సాధారణంగా ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ప్రాణవాయువు అవసరం దాదాపు రెట్టింపవుతుంది. మరోవైపు నీటికి ప్రాణవాయువును కరిగించుకునే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మి.గ్రా. కరగగలిగే ప్రాణవాయువు 30 డిగ్రీల వద్ద 7.5 మి.గ్రా.కు పరిమితమవుతుంది. అవసరం పెరిగి లభ్యత తగ్గినప్పుడు చేప కదలికలను తగ్గించుకుంటుంది. గిల్ వలలో చేప పడాలంటే అది ఈదుతూ వచ్చి వలను తాకాలి. కదలిక తగ్గితే వలకు చిక్కే అవకాశం కూడా తగ్గుతుంది.

నీటి పొరలు: లోతైన జలాశయాల్లో ఎండకు పైనీరు వేడెక్కి తేలికై పైనే నిలుస్తుంది. అడుగు నీరు చల్లగా, బరువుగా ఉంటుంది. ఉష్ణ మండలంలో పై, అడుగు నీటి మధ్య రెండు మూడు డిగ్రీల తేడా ఉన్నా ఈ పొరలు స్థిరపడగలవు. ఎందుకంటే 30 డిగ్రీల సమీపంలో ఒక్క డిగ్రీ తేడాకు నీటి సాంద్రతలో వచ్చే మార్పు, 10 డిగ్రీల సమీపంలో వచ్చే మార్పుకు మూడు రెట్లకు పైగా ఉంటుంది. గాలి బలంగా వీయని రోజుల్లో అడుగు పొరకు ప్రాణవాయువు అందదు. అక్కడి కుళ్లిన ఆకులు, పాచి ఉన్న కొద్దిపాటి వాయువును కూడా వాడుకుంటాయి. దీనితో చేపలు వేడి పైపొరకు, వాయువు లేని అడుగు పొరకు మధ్యనున్న నీటిలోకి చేరతాయి. అడుగుకు దించిన వల, పైన తేలే వల రెండూ ఖాళీగా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. లోతు తక్కువ ఉన్న చెరువులు, ఆనకట్టల ఎగువ మడుగుల్లో గాలికి నీరు తరచూ కలిసిపోతుంది కనుక ఈ పరిస్థితి అంతగా కనిపించదు.

గుడ్లు ఎదిగే కాలం: బొచ్చె, రాగండి, ఎర్రమోసు తొలకరి వరదలతో గుడ్లు పెడతాయి. మార్చి నుండి మే వరకు వాటి బీజకోశాలు ఎదుగుతాయి. గుడ్ల సంచి పెరిగి పొట్టలో చోటు తగ్గుతున్న కొద్దీ పెద్ద చేపలు మేతను తగ్గిస్తాయి. అమెరికా జలాశయాల్లో బాస్ చేపను గాలంతో పట్టేవారికి కూడా వేసవి ఆరంభంలో ఇటువంటి మందకొడితనం అనుభవమే. అక్కడ బాస్ వసంతంలో గుడ్లు పెట్టడం ముగించి, అలసి లోతు అంచులకు చేరుతుంది. ఇక్కడి కార్పు జాతులు గుడ్లు పెట్టడానికి ముందే మేత తగ్గిస్తాయి.

తేటనీరు, తగ్గే నీటిమట్టం: నదుల్లో ప్రవాహం తగ్గి బురద అడుగుకు చేరడంతో కొన్ని జలాశయాల్లో నీరు తేటబడుతుంది. అటువంటి నీటిలో పగటిపూట వల దారాలు చేపకు కనిపిస్తాయి. దారాలకు పాచి పట్టి ఉంటే మరింత స్పష్టంగా కనిపిస్తాయి. నీటిమట్టం రోజురోజుకూ దిగుతుంటే గట్టు పక్కన మేసే చేపలు ముందుజాగ్రత్తగా లోతుకు తరలిపోతాయి.

జాతిని బట్టి చేప ఉండే చోటు

బొచ్చె పైనీటిలోని జంతు ప్లవకాలను మేస్తుంది. మధ్యాహ్నం తరువాత గాలి ఏ గట్టువైపు వీస్తే అటువైపు ప్లవకాలు పోగవుతాయి, వాటి వెంట బొచ్చె చేరుతుంది. రాగండి నడిమి నీటిలో, మునిగిన చెట్ల మొదళ్లు, పాత గట్ల చుట్టూ తిరుగుతుంది. ఎర్రమోసు అడుగున మేస్తుంది. అయితే అడుగున వాయువు లేనప్పుడు అది లోతును విడిచి మధ్యస్థ లోతు గల వాలు ప్రాంతాలకు వస్తుంది. జలాశయం కట్టకముందు నది పారిన పాత గర్భం, దానిలో కలిసే గెడ్డల జాడలు చేపలు రాకపోకలు సాగించే దారులు. వీటిని ఎరిగిన పెద్దల అనుభవం ఈ రోజుల్లో ఎంతో విలువైనది.

కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగల చేప. కరిగిన ప్రాణవాయువు తగ్గినా అది తట్టుకుంటుంది. కనుక లోతుకు పోకుండా గట్టు పక్కన తూడు, తామర, నాచు నీడలో కదలకుండా పొంచి ఉంటుంది. వాలుగ పగలు గుంతల్లో, మునిగిన మోడుల నీడలో దాగి, రాత్రి వేళ చిన్న చేపల కోసం వాలు ప్రాంతాలకు వస్తుంది.

వలనే కొలమానంగా వాడే విధానం

ఖరీదైన పరికరాలు లేకుండానే చేపలున్న లోతును అంచనా వేయవచ్చు.

1. వల ఎత్తేటప్పుడు చేప వల పై భాగంలో చిక్కిందా, నడుమనా, అడుగు తాడు దగ్గరా అన్నది గమనించి రాసుకోవాలి. ఐదారు రోజుల లెక్క చూస్తే చేపలు ఏ లోతులో తిరుగుతున్నాయో తెలుస్తుంది.

2. చేప తల ఏ వైపుకు ఉందో చూడాలి. గట్టు వైపు నుండి వచ్చి చిక్కినవి ఎక్కువా, లోతు నుండి వచ్చినవి ఎక్కువా అన్నదానిని బట్టి వాటి రాకపోకల వేళను గ్రహించవచ్చు.

3. అడుగు తాడుకు, సీసపు గుండ్లకు నల్లటి బురద అంటి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అక్కడ ప్రాణవాయువు లేదని అర్థం. వలను పైకి జరపాలి, లేదా తక్కువ లోతు గల చోటికి మార్చాలి.

4. మూతికి బిరడా బిగించిన సీసాకు రాయి కట్టి, మీటరు గుర్తులున్న తాడుతో దించి, కావలసిన లోతులో వేరొక దారంతో బిరడాను లాగితే ఆ లోతులోని నీరు సీసాలో నిండుతుంది. పైకి తీసిన వెంటనే థర్మామీటరుతో వేడిని కొలవాలి. రెండు మీటర్లకు ఒకసారి ఇలా కొలిస్తే వేడి ఒక్కసారిగా తగ్గే లోతు బయటపడుతుంది. వల అడుగు అంచు ఆ లోతుకు కొద్దిగా పైన ఉండేలా అమర్చుకోవాలి.

వేట పద్ధతుల్లో చేసుకోవాల్సిన మార్పులు

• బెండ్లకు, వల పై తాడుకు మధ్య కట్టే దారాల పొడవును పెంచుతూ, తగ్గిస్తూ వలను నడిమి నీటిలో వేలాడదీయాలి. మొదటి రోజుల్లో రెండు మూడు వలలను వేర్వేరు లోతుల్లో వేసి, ఫలితం చూసి మిగిలినవి మార్చుకోవాలి.

• తేటనీటిలో వలను పొద్దు వాలాక వేసి, తెల్లవారకముందే ఎత్తాలి. వలలను తరచూ ఉతికి, పాచి వదిలించి, నీడలో ఆరబెట్టాలి.

• వలను గట్టుకు సమాంతరంగా కాకుండా గట్టు నుండి లోతు వైపు అడ్డంగా వేస్తే, సాయంత్రం మేతకు పైకి వచ్చే చేప, ఉదయం లోతుకు మరలే చేప రెండూ చిక్కే అవకాశం ఉంటుంది.

• గాలం వేసేవారు నీటి రంగును బట్టి వేళను ఎంచుకోవాలి. తేటనీటిలో తెల్లవారుజాము, సంధ్యవేళ అనుకూలం. నాచుతో ఆకుపచ్చగా మారిన నీటిలో తెల్లవారేసరికి ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. అప్పుడు చేపలు నోరు తెరుచుకుని పైకి తేలేది మేత కోసం కాదు, ఊపిరి కోసం. అటువంటి చోట పొద్దెక్కాక రెండు గంటల తరువాత వేసిన ఎరకు ఫలితం మెరుగ్గా ఉంటుంది.

• మేత మందగించిన కొర్రమీను దూరం నుండి వచ్చి ఎరను వెంటాడదు. చిన్న ఎరను నాచు అంచున దాని దాపుకు చేర్చి, కదపకుండా ఎక్కువసేపు ఉంచాలి.

• ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో వానలు పడినప్పుడు గెడ్డల నుండి కొత్త నీరు వచ్చే మొగల వద్ద చేపలు చేరతాయి. వాన వెలిసిన తరువాతి ఒకటి రెండు రోజులు వేటకు అనుకూలం. ఉరుములు, మెరుపుల వేళ మాత్రం పడవను నీటిలోకి దించరాదు.

• నీటిపారుదల సిబ్బంది నుండి నీటిమట్టం, తూముల విడుదల వేళలు ముందుగా తెలుసుకుంటే వల వేసే చోటును ఎంచుకోవడం సులభమవుతుంది.

చేయకూడని పనులు

రాబడి తగ్గిన రోజుల్లో వల కన్ను చిన్నది చేయడం అప్పటికి లాభంగా తోస్తుంది. ఉదాహరణకు చిన్న కన్ను వలలో 150 గ్రాముల బొచ్చె పిల్లలు పది పడితే చేతికి వచ్చేది కిలోన్నర. వాటిలో సగమే బతికి 800 గ్రాములకు ఎదిగాయనుకున్నా అవే 4 కిలోలవుతాయి. పెద్ద చేపకు కిలో ధర కూడా ఎక్కువే పలుకుతుంది. సహకార సంఘం డబ్బుతో, ప్రభుత్వ సాయంతో వదిలిన పిల్లలను ఎదగకముందే పట్టడం సభ్యులందరి రాబడికీ నష్టం.

ఎర్రటి కొర్రమీను పిల్లలు నీటిపై గుంపుగా తిరుగుతుంటే వాటి కిందనే తల్లిదండ్రుల జంట కావలి కాస్తుంటుంది. ఆ సమయంలో పెద్ద చేప సులభంగా గాలానికి పడుతుంది. కానీ దాన్ని పడితే కాపలా లేని పిల్లలను ఇతర చేపలు, పక్షులు తినేస్తాయి. ఒక్క చేప కోసం వందలాది పిల్లలను పోగొట్టుకోరాదు. వాలుగ విషయంలోనూ నిండు గుడ్లతో ఉన్న చేప బతికి ఉంటే నీటిలోకి వదలడం మేలు.

మే నెలలో నీరు బాగా తగ్గాక పరిస్థితి తారుమారవుతుంది. చేపలన్నీ మిగిలిన మడుగుల్లోకి చేరి, ఏ వల వేసినా పడతాయి. అంతకుముందు నెలన్నర రాబడి లేక ఇబ్బంది పడినవారు ఆ దశలో మడుగును పూర్తిగా ఊడ్చేసే ప్రమాదం ఉంది. తొలకరికి గుడ్లు పెట్టాల్సిన తల్లి చేపలు ఉండేది అందులోనే. అందువల్ల సంఘాలు ముందుగానే కూర్చుని అన్నిటికంటే లోతైన ఒక మడుగును వేట నుండి మినహాయించి, వరద వచ్చే వరకు కాపాడుకోవాలి.

నీటిలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారం నేరం. తాగునీటికి కూడా వాడే జలాశయాల్లో విషప్రయోగం ప్రజల ప్రాణాలకే ముప్పు.

పట్టిన చేప విలువ కాపాడుకోవడం

రాబడి తక్కువగా ఉన్న రోజుల్లో ప్రతి కిలో విలువైనదే. వేడి నీటిలో వలకు చిక్కిన చేప త్వరగా చనిపోయి మెత్తబడుతుంది. కనుక వలను రాత్రంతా వదిలేయకుండా మధ్యలో ఒకసారి ఎత్తి చూడాలి. చేపను వెంటనే శుభ్రమైన నీటితో కడిగి, కిలో చేపకు కిలో చొప్పున మంచు ముక్కలు పొరలు పొరలుగా వేసి మూత ఉన్న పెట్టెలో ఉంచాలి. కొర్రమీనును తడి నాచు కప్పిన పాత్రలో నీడన ఉంచి సజీవంగా సంతకు చేరిస్తే మంచి ధర లభిస్తుంది.

వేసవి ఆరంభపు మందకొడితనం కొద్ది వారాల పాటు ఉండేదే. ఆ వారాల్లో వల లోతును, వేళను, చోటును మార్చుకుంటూ ఉన్నంతలో రాబడి పొందడం, పిల్ల చేపను, తల్లి చేపను విడిచిపెట్టడం అనే రెండు పనులూ కలిసి సాగాలి. అప్పుడే మృగశిర కార్తె తరువాత వచ్చే కొత్త నీటిలో గుడ్లు పెట్టే చేప మిగులుతుంది, మరుసటి శీతాకాలపు వేటకు భరోసా ఉంటుంది. వేట వివరాలను రోజువారీగా నమోదు చేసుకున్న సంఘాలు ఆ పుస్తకాన్ని మత్స్యశాఖ అధికారులకు, కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు చూపితే తమ జలాశయానికి తగిన సలహాలు పొందవచ్చు.