పల్లేరు కషాయం - పెద్దవారి సిగ్గు

గుంటూరు, ప్రకాశం సీమల పత్తిచేల గట్లమీద నడిచినవారికి పల్లేరుకాయ సంగతి చెప్పనక్కరలేదు, పాదాలకే తెలుసు. సంస్కృతంలో గోక్షురం. దశమూలాలలో ఒకటైన దీనిని మూత్రకృచ్ఛ్రానికి వైద్యులు తరతరాలుగా వాడుతున్నారు.

యాభై దాటిన మగవారిలో చాలామందికి ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రం దారిని నొక్కుతుంది. రాత్రి నాలుగుసార్లు లేస్తారు; ఇంటావిడకైనా చెప్పరు. చాటుగా పల్లేరు కషాయం కాచుకుంటారు. అది మూత్రం జారీ చేస్తుందని పేరు. నిజమే అనుకుందాం. తూము పూడినప్పుడు కాలువకు నీరు పెంచితే ఏమవుతుంది?

అమెరికాలో ఇదే బాధకు సా పామెట్టో అనే తాటిజాతి పొద పండ్లు వాడతారు. 225 మందిపై ఏడాదిపాటు పరీక్షించి, ఉత్తుత్తి మాత్రకంటె మెరుగేమీ లేదని 2006లో తేల్చారు.

మూత్రం బొత్తిగా ఆగితే కషాయం కాగేదాకా ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి పోయి గొట్టం వేయించుకోవలసిందే. నెత్తురు పడినా డాక్టరుకు చూపించాలి. తాగుతున్న కషాయం పేరు కూడా ఆయనతో చెప్పండి.