గడ్డి చాటు జీవాలు

గడ్డిలో గొంతుక్కూర్చుని చూడాలి. కాస్త దూరంలో బిడూఫ్ అనే బొద్దు జంతువు ముందు పళ్లు బయటపెట్టుకుని, లోకంతో పనిలేనట్టు తిరుగుతుంటుంది. మనిషి కనిపిస్తే పారిపోదు, దగ్గరికొచ్చి చూస్తుంది. పక్కనే స్టార్లీ అనే పిట్ట. అడుగుల చప్పుడైతే చాలు, తుర్రుమంటుంది. ఇంకాస్త అవతల షింక్స్, నీలం నలుపు కలిసిన కూన. అది మిమ్మల్ని చూసిందా, పారిపోవడం ఉండదు, మీదికే వస్తుంది. ఒకదాని దగ్గర పారిన ఎత్తు ఇంకోదాని దగ్గర పారదు. ఈ మూడింటినీ పట్టి తెస్తేనే మిమ్మల్ని ఊళ్లో ఉండనిస్తారు. లేదంటే బయట అడవిలో మీ చావు మీరు చావాల్సిందే.

‘పోకెమాన్ లెజెండ్స్: ఆర్కియస్’ మొదట్లోనే పెట్టే పరీక్ష ఇది. 2022 జనవరి 28న నింటెండో స్విచ్ మీద విడుదలైంది. మొదటి వారంలోనే 65 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. పోకెమాన్ పేరు పెడితే ఏదైనా అమ్ముడవుతుంది కాబట్టి ఆ లెక్కలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యపరిచేది వేరే ఉంది. పాతికేళ్లకు పైగా ఒకే మూసలో ఆటలు చేసి బతికిన సంస్థ ఆ మూసను తీసి పక్కన పెట్టింది.

ఆ మూస ఏమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్‌బాయ్ మీద ‘రెడ్’, ‘గ్రీన్’ పేర్లతో మొదటి పోకెమాన్ ఆటలు వచ్చాయి. అందులో 151 రకాల జీవాలు. గడ్డిలో నాలుగడుగులు వేస్తే స్క్రీన్ గిర్రున తిరిగి ఎదురుగా ఒక జీవి ప్రత్యక్షమయ్యేది. మన దగ్గరున్న జీవితో దాన్ని కొట్టి, నీరసపరిచి, బంతి విసిరి పట్టుకోవాలి. పట్టినవాటికి శిక్షణ ఇచ్చి, ఎనిమిది జిమ్‌ల నాయకులను ఓడించి ఛాంపియన్ కావాలి. ఆ తర్వాత ప్రదేశాలు మారాయి, జీవాలు వెయ్యి దాటాయి, బొమ్మలకు రంగులొచ్చాయి. వరస మాత్రం దాదాపు అదే. ఆ గడ్డిలో నిజానికి ఏ జీవీ ఉండదు. అడుగు వేసినప్పుడల్లా కంప్యూటర్ లోపల పాచిక వేస్తుంది. పందెం పడితే జీవి పుడుతుంది, పోరాటం ముగిస్తే మాయమవుతుంది.

ఆర్కియస్‌లో అవి మనకంటే ముందే అక్కడుంటాయి. కొన్ని చెట్టు కింద నిద్రపోతుంటాయి, కొన్ని రాత్రయితేగాని బయటికి రావు. మనం చూసినా చూడకపోయినా వాటి పని అవి చేసుకుంటుంటాయి. వెనకనుంచి మెల్లగా వెళ్లి వీపు మీదికి గురిచూసి బంతి విసిరితే పోరాటం లేకుండానే చిక్కుతాయి. పండు విసిరి, అది తినే ధ్యాసలో ఉండగా పట్టొచ్చు. పొగబాంబు వేసి దాక్కోవచ్చు. గురి తప్పిందంటే మాత్రం అవి మన జీవుల మీదికి కాదు, నేరుగా మన మీదికే వస్తాయి. ఆల్ఫాలని కొన్ని ఉంటాయి. మామూలు వాటికంటే చాలా పెద్దవి, కళ్లు ఎర్రగా మెరుస్తుంటాయి. మొదటి మైదానంలోనే ఒక చోట మంటల జూలుతో ఆల్ఫా ర్యాపిడాష్ తిరుగుతుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి గుర్రమే కదా అని దగ్గరికెళ్తారు. ఆ తర్వాత సంచిలో కొంత సామాను పోగొట్టుకుని శిబిరంలో కళ్లు తెరుస్తారు. ఈ సిరీస్‌లో గడ్డంటే భయం వేయడం నాకు అదే మొదలు.

పురుగుల డాక్టర్

ఈ సిరీస్‌ను సృష్టించిన సతోషి తజిరి 1965లో పుట్టాడు. టోక్యో శివారులోని మచిదాలో పెరిగాడు. పురుగులంటే పిచ్చి, తోటి పిల్లలు పురుగుల డాక్టరని పిలిచేవారు. చెట్టు బెరడుకు తేనె పూసి పెంకు పురుగులను రప్పించడం జపాన్ పిల్లలందరికీ తెలిసిన పద్ధతి. అవి పగలు రాళ్ల కింద పడుకుంటాయని గమనించి, చెట్టు మొదట్లో రాయి పెట్టి మర్నాడు ఎత్తి చూడటం తజిరి కనిపెట్టిన పద్ధతి. మన దగ్గర తొలకరికి ఆరుద్ర పురుగులను గడ్డితో సహా అగ్గిపెట్టెలో దాచుకున్న పిల్లలకు ఈ బుద్ధి ఎలాంటిదో విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాత మచిదా చెరువులు పూడిపోయాయి, ఇళ్లూ రోడ్లూ లేచాయి, వీడియో గేమ్ పార్లర్లు వచ్చాయి. కుర్రాడు వాటిలోకి వెళ్లాడు. 1983లో ‘గేమ్ ఫ్రీక్’ అని చేతిరాత పత్రిక మొదలుపెట్టాడు, 1989లో దాన్నే సంస్థగా మార్చాడు. రెండు గేమ్‌బాయ్‌లను కలిపే తీగను చూసినప్పుడు ఆయనకు తట్టింది ఆ తీగ మీద పాక్కుంటూ అటూ ఇటూ వెళ్లే పురుగులట. పోకెమాన్ అక్కడ మొదలైంది. తొలి ఆట పూర్తికావడానికి ఆరేళ్లు పట్టింది.

రాయి ఎత్తి చూసే ఆ కుతూహలం 1996 ఆటలో చేరింది ఎంత? గేమ్‌బాయ్ శక్తికి సరిపడా కొంచెమే. పట్టిన జీవుల పేర్లు నమోదయ్యే ‘పోకెడెక్స్’ అప్పుడూ ఉంది కానీ, అది లెక్కల పుస్తకం. పట్టగానే పేజీ నిండిపోతుంది. ఆ జీవి గురించి మనకు ఏమీ తెలియకపోయినా సరే.

ఆర్కియస్‌లో పోకెడెక్స్ ఇంకా రాయనే లేదు. దాన్ని మొదటిసారి రాయాల్సింది మనమే. లావెంటన్ అనే ప్రొఫెసర్ పరదేశం నుంచి వచ్చి ఆ పనిలో ఉంటాడు, మనం ఆయనకు సహాయకులం. 242 రకాలు, ఒక్కోదానికి ఒక్కో జాబితా: ఇన్ని పట్టాలి, ఇన్నింటిని దాని కంటపడకుండా పట్టాలి, ఫలానా ఎత్తు వేస్తుండగా ఇన్నిసార్లు చూడాలి, పెద్దవి ఇన్ని, తిండి పెట్టినవి ఇన్ని. పది మెట్లు ఎక్కితేగాని ఆ పేజీ పూర్తయినట్టు కాదు. రాతలో చూస్తే ఇది గుమాస్తా పనిలా ఉంటుంది. కొన్నిచోట్ల నిజంగానే గుమాస్తా పని, అబద్ధమెందుకు. కానీ ఒకే జీవి కోసం ఒకే చోట పదేపదే కూర్చోవడం వల్ల ఇంకోటి జరుగుతుంది. ఆబ్రా మాయమయ్యే ముందు ఎంతసేపు ఆగుతుందో, చాన్సీ ఎటు పారిపోతుందో జాబితాలో లేకపోయినా మనకు తెలిసిపోతుంది. చేతికి అలవాటైన ఆ జ్ఞానం పాత ఆటలు ఎన్ని ఆడినా రాలేదు.

చిన్న వివరాల్లోనూ ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. 1996లో వోల్టార్బ్ అని ఒక జీవి ఉండేది, అచ్చం జీవాలను పట్టే బంతి పోకెబాల్‌లా గుండ్రంగా. ఆర్కియస్ నడిచేది పాతకాలంలో కాబట్టి ఇక్కడి బంతులు కర్రలాంటి కాయతో, రాయితో చేతులతో చేసుకునేవి. మరి వోల్టార్బ్? అదీ చెక్కతో చేసినట్టే ఉంటుంది, పైన చిన్న రంధ్రంతో. ఎవరూ అడగని ప్రశ్నకు ఇంత ఓపికగా జవాబు చెప్పినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది. డ్రిఫ్లూన్ అనే బెలూన్ జీవి పిల్లలను ఎత్తుకుపోతుందని 2006 నాటి పోకెడెక్స్‌లో ఒక వాక్యం ఉండేది. ఇక్కడ ఒక చిన్నపిల్ల సముద్రపు ఒడ్డున డ్రిఫ్లూన్‌తో ఆడుకుంటుంది. పాత వాక్యం గుర్తున్నవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇంత చేసినవాళ్లు బొమ్మల దగ్గర చేతులెత్తేశారు. చెట్లు వెలిసిపోయినట్టుంటాయి, నీళ్లు నీళ్లలా ఉండవు, దూరంగా ఎగిరే జీవి సెకనుకు నాలుగు బొమ్మలన్నట్టు తడబడుతూ కదులుతుంది. అదే యంత్రం మీద 2017లో వచ్చిన ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ చూసినవాళ్లకు సాకులు చెప్పడం కష్టం.

ఎవరి నేల, ఎవరి పుస్తకం

ఆట జరిగే హిసుయి ఊహాలోకమే అయినా దాని పటం నిజమైనది. 2006 నాటి ‘డైమండ్’, ‘పర్ల్’ ఆటల్లోని సిన్నోకు నమూనా జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి. హిసుయి ఆ సిన్నోకే పాతకాలపు పేరు. కొత్తగా వలసవచ్చిన జనం చుట్టూ కంచె వేసుకుని జూబిలైఫ్ అనే గ్రామం కట్టుకున్నారు. గెలాక్సీ దళం పేరుతో దీవిని సర్వే చేస్తున్నారు.

చరిత్రలో ఇది జరిగింది. 1869లో మెయిజీ ప్రభుత్వం అంతకుముందు ఎజో అని పిలిచిన దీవికి హొక్కైడో అని పేరు పెట్టింది. ‘కైతకుషి’ అనే సంస్థను ఏర్పాటు చేసి వలసలు మొదలుపెట్టింది. సలహాల కోసం హొరేస్ కాప్రన్ వంటి అమెరికన్లను రప్పించింది. ప్రొఫెసర్ లావెంటన్ వెనక ఈ పరదేశీ నిపుణుల నీడ ఉంది. అయితే ఆ దీవి ఖాళీగా లేదు. అది ఐను ప్రజల ఊరు, వాళ్ల వాగు, వాళ్ల వేట. 1876లో విషపు బాణాలతో జింకల వేటను నిషేధించారు. సాల్మన్ చేపల మీదా ఆంక్షలు వచ్చాయి. 1899 నాటి చట్టం వాళ్లను రైతులుగా, జపనీయులుగా మార్చే పనికి పూనుకుంది. ఐనులను ఆదివాసులని జపాన్ చట్టం స్పష్టంగా ఒప్పుకున్నది 2019లో.

మరి జీవాల సంగతి? అసలు హొక్కైడోలో వాటికి ఎదురైంది వేరే. గుర్రాల ఫారాలను తోడేళ్లు పాడుచేస్తున్నాయని ఎడ్విన్ డన్ అనే అమెరికన్ సలహాతో మాంసంలో స్ట్రిక్‌నైన్ విషం కలిపి పెట్టారు. చంపినవాళ్లకు బహుమతులిచ్చారు. ఐనులు దైవంగా చూసుకున్న ఎజో తోడేలు ఆ శతాబ్దం ముగిసేలోపు కనుమరుగైంది.

ఆట ఈ చరిత్రను ఎంతవరకు తాకింది? ఇక్కడ నాకు పేచీ ఉంది. హిసుయిలో డైమండ్, పర్ల్ అనే రెండు తెగలుంటాయి. వాళ్లు కొన్ని జీవాలను పూజ్యంగా చూసుకుంటారు, నైవేద్యం పెడతారు. పూనకం వచ్చిన ఆ జీవాలను కొట్టి కాదు, వాటికి ఇష్టమైన తిండితో చేసిన మూటలు విసిరి శాంతపరచాలి. ఐను ఆచారాల ఛాయ స్పష్టంగానే ఉంది. కానీ కథలో ఈ తెగలు కూడా ఎప్పుడో వలసవచ్చినవే. అంతకుముందున్న సెలెస్టికా ప్రజల నుంచి మిగిలింది శిథిలాలు, వోలో, కోగిటా అనే ఇద్దరు వారసులు. అందరూ వలసవచ్చినవాళ్లే అయినప్పుడు నేల పోగొట్టుకున్నవాళ్లు ఎవరూ ఉండరు. తగాదాలన్నీ అపార్థాలుగా తేలిపోతాయి. పిల్లల ఆట కదా అనొచ్చు. పిల్లల ఆటే, కానీ దీవి పటం నిజానిది తెచ్చుకున్నప్పుడు అందులో మనుషులను కూడా తెచ్చుకోవాల్సింది.

ఆ కథ రాసినవాళ్లకు ఇది తెలియక కాదని నా నమ్మకం. జోరువా అనే జీవి దానికి సాక్ష్యం. 2010లో వచ్చిన ‘బ్లాక్’, ‘వైట్’ ఆటల్లో అది చిలిపి నల్లనక్క. హిసుయిలో మంచు ప్రాంతంలో దొరికేది తెల్లగా ఉంటుంది, జూలు కొసలు ఎర్రగా. మనుషులు తమ చోటునుంచి తరిమేస్తే ఇక్కడికి వలసవచ్చి, ఇక్కడి కఠిన వాతావరణానికి తాళలేక చచ్చిపోయి, పగతో ఆత్మగా తిరిగొచ్చిన జీవి ఇదని ఆట అధికారిక వెబ్‌సైట్ చెబుతుంది. కథలో ఏ పాత్ర నోటా రాని మాట, ఆట బయట కొన్ని వాక్యాలుగా ఉంది. గ్రామనాయకుడు కమాడో చేసే ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ కొన్ని వాక్యాలంత బరువుండవు.

మన ఇళ్లకు ఎలా వచ్చింది

2000ల మొదట్లో కార్టూన్ నెట్‌వర్క్‌లో పికాచును చూసి, చిప్స్ ప్యాకెట్లలో వచ్చే టాజోలు పోగేసిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో, కొందరు పిల్లల తల్లిదండ్రులుగా ఉన్నారు. వాళ్లలో చాలామంది అసలు ఆటను గేమ్‌బాయ్ మీద చూడలేదు. నింటెండో యంత్రాలు మన దుకాణాలకు అధికారికంగా వచ్చింది అరుదు, ఇప్పటికీ దొరికేవి ఎక్కువగా బయటినుంచి తెప్పించినవే. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ వేసుకుని ఆడినవాళ్లదే పెద్ద సంఖ్య. 2016 డిసెంబరులో జియోతో కలిసి ‘పోకెమాన్ గో’ వచ్చినప్పుడు ఫోన్ పట్టుకుని వీధుల్లో తిరిగినవాళ్లూ వీళ్లే. అందుకే ఈ తరానికి పోకెమాన్ అంటే ముందు టీవీ, తర్వాత ఫోన్. ఆట వంతు ఆ తర్వాతే.

2025 అక్టోబరు 16న లెజెండ్స్ వరసలో రెండోది, ‘జెడ్-ఏ’ వచ్చింది. ఆర్కియస్ అడవిలో కంచె కట్టుకున్న మనుషుల కథ. ఇదేమో పారిస్‌ను పోలిన లూమియోస్ నగరం నడిబొడ్డున జీవాలకు కంచె వేసిన కథ. నగరంలో కొన్ని వీధులను వైల్డ్ జోన్లుగా ప్రకటిస్తారు, నగరవాసులు విసుక్కుంటారు. మంచి ఆలోచన. పోరాటాలు వంతులవారీగా కాకుండా అప్పటికప్పుడు జరుగుతాయి, అవి ఆర్కియస్ కంటే ఎంతో హుషారుగా ఉన్నాయి. అయితే పుస్తకం రాసే పని వెనక్కి పోయింది, పట్టగానే పేజీ నిండిపోవడం తిరిగొచ్చింది. నేను పోరాటాలు ఎక్కువ చేశాను, జీవాలను తక్కువ చూశాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే ముందు ఆర్కియస్ ఆడమంటాను. మొదటి రెండు గంటలు పాత్రలు ఆపకుండా మాట్లాడతాయి, కాస్త ఓర్చుకోవాలి. సంచి పెద్దది చేసిచ్చే మనిషి ప్రతిసారీ ధర పెంచుతాడు, అతన్ని తిట్టుకుంటూనే డబ్బు కట్టాలి. స్పిరిటూంబ్ అనే జీవి కోసం దీవంతా వెతికి ఏరాల్సిన 107 దీపాల జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు. మిగతా 241 పేజీల పని చాలానే ఉంది.