తువ్వాలు ఎవరి కోసం?

కాకినాడ నుంచి సంఘస్థులందరూ కలిసి పాపికొండల విహారానికి వెళ్లినప్పుడు లాంచీ దగ్గర ఒక చిక్కు వస్తుంది. కుర్రాళ్లు చకచకా ఎక్కి అంచు సీట్లలో తువ్వాళ్లు వేసేస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు రేవు దిగి వచ్చేసరికి మంచి చోటు మిగలదు.

వెనక వస్తున్న అమ్మమ్మ కోసం సీటు ఆపడం తప్పా? కాదు. ఆమెకూ టికెట్టు ఉంది, పరుగెత్తలేరు, అంతే. కానీ దానికి హద్దులున్నాయి. ఒక మనిషికి ఒక సీటే. ఆమె రేవులో కనబడుతూ ఉండాలి. టీ కొట్టు దగ్గర ఆగిపోయిన బావగారికి ఇది వర్తించదు. తువ్వాలు వేసి వెళ్లిపోకుండా మనిషే పక్కన కూర్చుని, అడిగినవారికి “పెద్దావిడ వస్తున్నారండీ” అని చెప్పాలి. లైఫ్ జాకెట్టును మాత్రం సీటుకు గుర్తుగా వదలకూడదు. అది ఒంటి మీదే ఉండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మనం మరువలేం.

అసలు పరీక్ష వేరే ఉంది. మన అమ్మమ్మ ఇంకా మెట్ల మీదే ఉండగా వేరేవాళ్ల తాతగారు వచ్చి ఎదురుగా నిలబడితే? సీటు ఆయనదే. నెరసిన తలను చూసి లేవాలని లేవీయకాండము 19:32 చెబుతోంది. ఆ తల మన ఇంటిదే అయ్యుండాలని చెప్పలేదు.

రైల్లో 60 నిండిన పురుషులకు, 45 నిండిన స్త్రీలకు కింది బెర్తుల కోటా ఉంది. లాంచీ దగ్గర ఆ ఏర్పాటు సంఘమే చేసుకోవచ్చు. పెద్దలందరినీ ముందు ఎక్కించి, కుర్రాళ్లు తర్వాత ఎక్కితే తువ్వాలుతో పనే ఉండదు.