వీరాపురం కొంగలకు చింతచెట్టు ఒకటే సాలదు

చిలమత్తూరు మండలం వీరాపురం పేరు హిందూపురం, లేపాక్షి దిక్కు పిల్లోళ్లకు తెలిసిందే. 2022లో జిల్లా పేరు శ్రీసత్యసాయి అని మారింది గానీ, కరువు మాత్రం పాత అనంతపురందే. ఏటా సంక్రాంతి దాటినాక ఆ ఊరి చింతచెట్ల మీద పెద్ద కొంగలు దిగుతాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకొని వానాకాలంలో పోతాయి. పసుప్పచ్చ ముక్కు, ఎర్రటి మొగం, తోక దగ్గర గులాబీ రంగు. పుస్తకాల్లో పేరు పెయింటెడ్ స్టార్క్. మనోళ్లు సైబీరియా కొంగలంటారు, అది ఉత్తమాట. ఇవి మన దేశం పక్షులే. ఈడ చెడిపోతే ఇంగ యాడికి పోవల్ల?

చెట్టు కొట్టకుండా, పిట్టను ముట్టకుండా తరాలుగా కాపాడినారు వీరాపురమోళ్లు. దండం పెట్టల్ల వాళ్లకు. అయితే చెట్టు పురిటిల్లు మాత్రమే, కూడు చెరువులో ఉంది.

తెల్లకొంగ కంటితో చూసి పొడుస్తాది. ఈ కొంగ అట్లగాదు. కాళ్లు మునగనంత నీళ్లలోకి దిగి, ముక్కు సగం తెరిచి ముంచి, అటూ ఇటూ ఊపుకుంటా నడుస్తాది. కాలితో అడుగు కెలుకుతాది. బెదిరిన చేప ముక్కుకు తగిలితే టక్కున మూస్తాది. తాకిడితోనే వేట కాబట్టి నీళ్లు బురదైనా దానికి లెక్కలేదు. లోతుంటే మాత్రం ఏమీ చేయలేదు, మునిగి చేప పట్టే పిట్ట కాదది.

ఎండాకాలం నీళ్లు తగ్గేకొద్దీ చేపలు మడుగులో గుంపుపడతాయి. కొంగకు అదే సుగ్గి. గూట్లో పిల్లలు రెండు నెలలు ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ మేత మోస్తారు. అప్పుడు చెరువు పూర్తిగా ఎండితే ఊరంతా కాపలా ఉన్నా పిల్లలు బతకవు.

ఇంగ జేసీబీ కత. పూడిక తీయొద్దని నేను అనను, రైతుకు నీళ్లు కావల్ల. కానీ మట్టి అమ్ముకునేటోళ్లు నిలువునా గుంతలు తోడితే, నీళ్లన్నీ గుంతల్లోకి పోతాయి. వాలుగా ఉండే పల్చటి నీటి అంచు మాయమైతాది. కొంగ కాలు పెట్టేది ఆ అంచులోనే. కంపచెట్లు కమ్మినా అంతే.

నేలపట్టులో గూడబాతులు గూళ్లు కడతాయి, మేతకు పులికాట్ సరస్సుకు పోతాయి. పులికాట్‌ను వదిలి నేలపట్టును కాపాడతామంటే కుదురుతుందా?

ఈ ఎండాకాలం వీరాపురం పోతే సెల్ఫీతో తిరిగి రావద్దు తమ్ముడూ. కొంగ ఏ దిక్కుకు ఎగిరిందో చూసి, ఆ చెరువు కాడికి పో. అంచు వాలుగా ఉందా, గుంతలు పడినాయా ఫోటో తియ్యి. మట్టికి అనుమతి ఎవరిచ్చినారని గ్రామసభలో అడుగు.