మొసలి ఏ డిపార్ట్‌మెంటుది?

కాన్ఫరెన్స్ అనగానే మన బ్రాంచి వాళ్లకు గుర్తొచ్చేది ఏఐ, క్లౌడ్, ఒక స్నాక్ బాక్స్, చివర్లో ఒక సర్టిఫికెట్. చేపల మీద, అడవి జంతువుల మీద పనిచేసేవాళ్లకు కూడా కాన్ఫరెన్సులుంటాయి. అమెరికాలో చేపల వాళ్ల సొసైటీ 1870లో పుట్టింది, వన్యప్రాణుల వాళ్లది 1937లో. ఈ రెండూ కలిసి ఒకే వార్షిక సమావేశం పెట్టుకున్నది మాత్రం 2019లో, రీనో అనే ఊళ్లో. అదే మొదటిసారి. నీళ్లలో ఉన్నది ఒకరిది, గట్టు మీద ఉన్నది ఇంకొకరిది అనుకుంటూ ఎనభై ఏళ్లు గడిచిపోయాయన్నమాట.

అలాంటి ప్రాంతీయ కాన్ఫరెన్సు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కోసం పెడితే ఏ సెషన్లు ప్రపోజ్ చెయ్యొచ్చు అన్నదే ఈ వ్యాసం.

ముందు సెషన్ ప్రపోజల్ అంటే ఏంటో చెప్తాను. పేపర్ ప్రెజెంట్ చెయ్యడం వేరు, సెషన్ ప్రపోజ్ చెయ్యడం వేరు. పేపర్‌లో నీ పని గురించి నువ్వు చెప్తావు. సెషన్‌లో ఒక గదిని, రెండు మూడు గంటల టైమ్‌ని నీకిమ్మని అడుగుతావు. అందుకని ఒక టైటిల్, ఒక పేజీకి మించని వివరణ, ఎవరెవరు మాట్లాడతారు, ఎంత సేపు, ఉపన్యాసాలా, చర్చా, చేతులతో చేసే వర్క్‌షాపా, ఇవన్నీ నెలల ముందే రాసి పంపాలి. కమిటీ చదివి ఎంచుకుంటుంది. హాకథాన్‌లో ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ రాసినట్టే. స్టేట్‌మెంట్ బాలేకపోతే ఎంత కోడ్ రాసినా దండగ.

'కృష్ణా నదిలో జీవవైవిధ్యం' అని పంపితే అది ఉత్త టాపిక్. దాన్ని కాదనేవాళ్లు ఎవరూ ఉండరు, అందుకే దాన్ని వినేవాళ్లూ ఉండరు. మంచి ప్రపోజల్‌లో ఒక ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నకు వేరే వేరే జవాబులు చెప్పే మనుషులు ఒకే గదిలో ఉంటారు.

జూరాల దగ్గర అలాంటి ప్రశ్న రెడీగా ఉంది. డ్యామ్ చూడ్డానికి వెళ్లినవాళ్లు అక్కడ వేయించి అమ్మే చేపలు తింటారు, తర్వాత కింద బండల మీద మొసలి ఏమన్నా కనబడుతుందేమో అని చూస్తారు. రెండూ ఒకే నీళ్లవి. కానీ చేప మత్స్యశాఖ కిందికి వస్తుంది. మొసలి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి కాబట్టి అటవీశాఖ కిందికి వస్తుంది. వానాకాలంలో వనపర్తి వైపు పొలాల్లోకి, చెరువుల్లోకి మొసలి వచ్చిందన్న వార్తలు మనం చదువుతూనే ఉంటాం. దాన్ని తాళ్లతో కట్టి, పట్టి, తీసుకెళ్లి కృష్ణలో వదులుతారు. రైతుకు ఊరట. మరి అదే నీళ్లలో పుట్టి మీద వల వేసేవాళ్ల సంగతి? 'పట్టిన మొసలిని ఎక్కడ వదలాలో ఎవరిని అడిగి నిర్ణయించాలి?' నా మొదటి సెషన్ ఇది. ఉపన్యాసాలు వద్దు, చర్చ చాలు. మొసలి చింపిన వల పట్టుకొచ్చి చూపించే ఒక మనిషి ఉంటే స్లైడ్లు కూడా అక్కర్లేదు.

నేను ఎక్కువ టైమ్ అడిగేది రెండోదానికి. అది అలివి వలల గురించి.

ఇది అర్థం కావాలంటే కొంచెం చేపల బయాలజీ కావాలి. రవ్వ, బొచ్చె లాంటి చేపలు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, పారే నీళ్లు కావాలి. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి, ఆయనతో పనిచేసినవాళ్లు పిట్యుటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి ఇలాంటి చేపలతో గుడ్లు పెట్టించారు. ఇప్పుడు జులై 10ని జాతీయ చేప రైతుల దినంగా జరుపుతున్నది అందుకే. హేచరీలన్నీ ఆ దారిలో వచ్చినవే. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉచితంగా వదిలే చేపపిల్లలు కూడా అలా పుట్టినవే. పెద్ద రిజర్వాయర్లలో వదిలే పిల్ల 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే దాదాపు మన వేలంత.

అలివి వల దోమతెర లాంటి సన్న కన్నుల పెద్ద వల. నీళ్లను చుట్టి లాగితే వేలంత పిల్ల కూడా తప్పించుకోదు. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో, కొల్లాపూర్, సోమశిల వైపు దీని మీద ఏళ్ల తరబడి గొడవ నడుస్తోంది. ప్రజల డబ్బుతో వదిలిన పిల్ల, వరదలో సొంతంగా పుట్టిన పిల్ల, రెండూ కిలో బరువు కాకముందే ఎండు చేపల కుప్పలో తేలతాయి. లైసెన్సు కట్టి మామూలు వల వేసే స్థానిక మత్స్యకారుడికి మిగిలేది ఖాళీ పుట్టి.

వల నిషేధమే కదా, పట్టుకుంటే సరిపోదా అని మొదట నేనూ అనుకున్నా. మ్యాప్ తెరిచి చూడండి. నీళ్ల మీద మత్స్యశాఖ. గట్టెక్కి గుడిసె వేసుకున్నా, చేపలు ఎండబెట్టడానికి కట్టె కొట్టినా అది నల్లమల, అంటే అటవీశాఖ. ఇవతల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, 2022లో ఏర్పడ్డ నంద్యాల జిల్లా. బోటు అవతలికి దాటితే ఆఫీసర్లు మారతారు, రాష్ట్రమే మారుతుంది. ఇంకో విషయం, అలివి వల లాగేవాళ్లలో కోస్తా నుంచి వలస వచ్చి గట్టు మీద కవర్ల గుడిసెల్లో ఉండే కూలీలున్నారు. అంత పెద్ద వల కొనే స్తోమత వాళ్లకుండదు, వెనక పెట్టుబడి పెట్టేవాళ్లుంటారు. గుడిసె పీకితే పెట్టుబడి పోదు.

అందుకే నా ప్రపోజల్‌లో వివరణ ఇలా ఉంటుంది: 'శ్రీశైలం జలాశయంలో సన్న కన్ను వలను ఆపే పని ఎక్కడ మొదలవ్వాలి, నీళ్లలోనా, గట్టు మీదా, ఎండు చేపల మార్కెట్లోనా? రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు, అటవీశాఖ, సోమశిల వైపు సహకార సంఘాల సభ్యులు, వలస కూలీలు, చేపల వ్యాపారులు. మూడు గంటలు. భాష తెలుగు.'

చివరి రెండు పదాలే నాకు ముఖ్యం. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకే 'స్టాక్ అసెస్‌మెంట్' అంటే గూగుల్ చెయ్యాల్సొచ్చింది. నీళ్లలో ఎన్ని చేపలున్నాయో లెక్క కట్టడం, అంతే. ఆ లెక్కకు కావాల్సిన సమాచారం రోజూ నీళ్ల మీదుండే మనిషి దగ్గరుంది. ఆయన్ని గదిలోకి పిలిచి ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటే పిలవనట్టే. ఆ రోజు చేపల ఆదాయం పోతుంది కాబట్టి కూలి, బస్ ఛార్జీ కూడా ప్రపోజల్ బడ్జెట్‌లోనే రాయాలి. మాట్లాడే ప్రొఫెసర్‌కి టీఏ ఇస్తాం కదా!

మూడోది మన బ్రాంచి వాళ్లకు, చిన్న వర్క్‌షాప్. పులుల లెక్కకు కెమెరా ట్రాప్‌లున్నాయి, గస్తీ తిరిగే సిబ్బంది ఫోన్లలో ఎం-స్ట్రైప్స్ యాప్ ఉంది. ఒడ్డున దిగే చేపకు అలాంటిది చెయ్యగలమా? పుట్టి దిగగానే ఒక ఫొటో, పక్కన ఒక స్కేలు, పొడవు లెక్క కట్టే చిన్న మోడల్. సిగ్నల్ లేని చోట కూడా పనిచెయ్యాలి. సెమిస్టర్ ప్రాజెక్టుగా ఇంకో అటెండెన్స్ సిస్టమ్ చేసేకన్నా నయం అని నా ఫీలింగ్.

వేదికకు పెబ్బేరు బాగుంటుంది. వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ల ఫిషరీస్ కాలేజీ అక్కడే ఉంది, హైవే 44 మీదే, ఇటు గద్వాల, అటు వనపర్తి, రెండూ దగ్గర. కొల్లాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఒక బండి పెట్టాలి. తేదీ మాత్రం ముందు సోమశిల, బీచుపల్లి వాళ్లను అడిగి తర్వాత హాల్ బుక్ చెయ్యాలి. వరద రోజులు వద్దు, అధికారులందరూ డ్యూటీలో ఉంటారు. శనివారం అసలే వద్దు, ఆ రోజు పెబ్బేరు సంత, బండి పెట్టడానికి కూడా జాగా దొరకదు.